సౌభాగ్యమ్మ దేవుని డబ్బా

బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం సౌభాగ్యమ్మ చేతికి ఎప్పటినుంచో అలవాటు. వండేది ఇద్దరికైనా, చుట్టాలొచ్చి ఇల్లు నిండినా ముందు ఆ పిడికెడు పోవాలి. పొయ్యి పైని అరలో మూత ఉన్న స్టీలు డబ్బా ఉంటుంది. దాని మీద మేకు మొనతో ఎప్పుడో గీసిన సిలువ గుర్తు. ఆదివారం డబ్బా ఖాళీ అయ్యాక, సోమవారం తొలి పిడికెడు అడుగున పడ్డప్పుడు రేకుల మీద మొదటి చినుకులు పడ్డ చప్పుడవుతుంది. వారం గడిచేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతుంది. శనివారానికి గింజల మీద గింజలు పడి ఏమీ వినబడదు. ఆ నిశ్శబ్దమంటే ఆమెకు ఇష్టం. డబ్బా నిండిందని దాని అర్థం.

పిడికెడు బియ్యం అంటారు దాన్ని. ఆ చుట్టుపక్కల చర్చిల్లో తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. ఆడవాళ్లు వారమంతా తీసిపెట్టిన బియ్యాన్ని ఆదివారం గుడ్డ సంచుల్లో తెచ్చి, కానుకల పాట పాడుతుండగా బల్ల ముందున్న వెదురు గంపలో పోస్తారు. సౌభాగ్యమ్మ సంచి వంచితే ఆ ధార మిగతావాళ్ల ధారకన్నా ఎక్కువసేపు పడుతుంది. స్త్రీల సమాజానికి పెద్ద అయిన కమలాకుమారి కళ్లద్దాల పైనుంచి చూసి తల ఊపుతుంది. ఆ తల ఊపు సౌభాగ్యమ్మకు మళ్లీ ఆదివారం దాకా సరిపోతుంది.

ఆమె చిన్నప్పుడు, సంగారెడ్డి అవతలి పల్లెలో, వాళ్లమ్మ సంచి అందరికన్నా తేలికగా ఉండేది. కూలికి పోయే మనిషి. ఒక్కో ఆదివారం సంచి అడుగున అరచేయి నిండా కూడా గింజలుండేవి కావు. వరుసలో వెనకున్న ఒకామె ఒకసారి, "మీ ఇంట్ల పొయ్యి వారానికొక్కపారే ముట్టిస్తరా ఏంది?" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల మాత్రం నవ్వలేదు. పెద్దయ్యాక నా సంచి అందరికన్నా బరువుండాలి అనుకుంది. ఆ సంచి తేలికదనం ఆమెకు జీవితమంతా గుర్తుంది. అది ఎందుకు తేలికైందో మాత్రం మరిచిపోయింది.

చిట్కుల్‌లో వాళ్ల ఇల్లు పాతదే. భర్త సుందర్‌రాజు ప్రభుత్వ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఇంటి వెనుక వరుసగా రేకుల అర్రలు వేసి, కంపెనీల్లో పనిచేసేవాళ్లకు కిరాయికిచ్చారు. అందరికీ ఒకటే నల్లా, ఇంటి పక్కగా ఒకటే దండెం. పొద్దున కంపెనీ బస్సు వచ్చి కొందరిని ఎక్కించుకుపోతుంది. ఆ బస్సే రాత్రంతా పనిచేసిన ఇంకొందరిని దించిపోతుంది. గాలి అటునుంచి ఇటు తిరిగిన రోజున మందుల వాసన గుప్పుమంటుంది. అక్కడివాళ్లు ఆ వాసనతోనే పొద్దు ఏ వేళైందో చెప్పగలరు.

ఆ అర్రల్లో చివరిదానిలోకి పోశమ్మ వచ్చింది. భర్త పోయాక, ఇంటర్ చదివే కూతురు రవళిని వెంటబెట్టుకుని వచ్చింది. మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే పని ఆమెది, కాంట్రాక్టు మీద. చేతుల తోలు ఎప్పుడూ పొరలు లేచి ఉండేది. ఎంత రుద్దినా ఏదో పుల్లటి వాసన ఆమె చీర కుచ్చిళ్లలో దాక్కుని ఉండేది. మొదట్లో సౌభాగ్యమ్మ తన ఆదివారం తెల్లచీరను దండెం ఈ కొసన, పోశమ్మ బట్టల్ని ఆ కొసన వేయించింది. కొన్నాళ్లకు మధ్య దూరం దానంతటదే తగ్గింది. నల్లా దగ్గర కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ల మధ్య దూరం ఎన్నాళ్లని ఆగుతుంది?

"మా పోశమ్మ తల్లికి ఏడాదికొక్క బోనం ఎత్తితె సంబురపడ్తది. మీ దేవునికేంది అక్కా, ఆదివారం పాట, బుధారం పాట, శుక్రారం పాట? ఆయనకు తీరికెప్పుడు?" అనేది పోశమ్మ, బిందె కింద పెడుతూ.

"మా దేవునికి నిద్ర లేదే," అనేది సౌభాగ్యమ్మ.

"అయితే ఆయనది గూడ నైట్ షిఫ్టే అన్నట్టు."

సౌభాగ్యమ్మకు నవ్వు ఆగేది కాదు. దైవదూషణ కదా అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

పోశమ్మ ఆమెను అక్కా అని పిలిచేది. కిరాయికున్నవాళ్లంతా ఓనరమ్మ అనో ఆంటీ అనో అంటారు. అక్కా అన్నది పోశమ్మ ఒక్కతే. సౌభాగ్యమ్మకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆ పిలుపు వెనుక అర్రల వైపు నుంచి వచ్చినప్పుడల్లా, చేతిలో ఏ పనున్నా వదిలి "ఓ" అనేది.

ఒక వానాకాలం ఆమెకు జ్వరం వచ్చి కీళ్లు పట్టేశాయి. చాలా రోజులు మంచం దిగలేదు. షిఫ్టు నుంచి వచ్చి పోశమ్మే వండిపెట్టేది. కాస్త కోలుకుని గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లి చూస్తే దేవుని డబ్బాలో బియ్యం ఉన్నాయి. తాను పడుకున్న రోజుల బియ్యం.

"ఎవరేసిండ్రు ఇవి?"

"నేనే. నువ్వు పండుకున్నవని ఆయన్ని పస్తుంచుతనా అక్కా?" అంది పోశమ్మ. "నువ్వెట్ల తీస్తవో సూసిన గద. కడిగే ముంగట ఒక పిడికెడు."

ఆ ఆదివారం కమలాకుమారి అందరి ముందూ అంది, మంచాన పడ్డా సౌభాగ్యమ్మ పిడికెడు తప్పలేదని. ఆ పిడికిలి ఎవరిదో సౌభాగ్యమ్మ చెప్పలేదు. చెప్పే సందర్భం కాదులే అనుకుంది.

తరువాతి ఎండాకాలంలో పోశమ్మ పనిచేసే కంపెనీ మూతబడింది. లోపల ఏదో పేలిందన్నారు, ఎవరో అధికారులు వచ్చి తాళం వేశారన్నారు. పర్మినెంటు వాళ్లు కొన్నాళ్లు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. కాంట్రాక్టు వాళ్లకు కూర్చోవడానికి టెంటు కూడా లేదు. పోశమ్మ దొరికిన రోజు కూలికి పోయేది. దొరకని రోజు అర్ర ముందు కూర్చుని ఖాళీ దారిని చూసేది. బస్సు రాని దారి ఎంత వెడల్పుగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. అయినా ఎవరినీ ఏమీ అడగలేదు.

అడిగింది ఒక శుక్రవారం పొద్దున. ఆ రోజు సౌభాగ్యమ్మ ఇంట్లో ఉపవాస ప్రార్థన. ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి. స్త్రీల సమాజం వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. వంటింటి వెనుక తలుపు దగ్గర పోశమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది.

"అక్కా, జెర బియ్యముంటె ఇయ్యి. ఈ గిన్నెడు చాలు. రవళి పొద్దున ఏం తినకుండ కాలేజికి పోయింది. వచ్చేటాల్లకు వండి పెడ్త."

సౌభాగ్యమ్మ బియ్యం డ్రమ్ములోకి వంగి చూసింది. నిజంగానే ఖాళీ. ఇవాళ ఎలాగూ ఉపవాసమే కదా అని, సుందర్‌రాజు సాయంత్రం ఇస్నాపూర్ నుంచి బస్తా తెస్తానన్నాడు.

"అయిపోయినయి పోశమ్మా. మీ సారు పొద్దుగూకంగ తెస్తడు. అప్పుడు రా."

పోశమ్మ కళ్లు పొయ్యి పైని అర మీదికి పోయాయి. డబ్బా అప్పటికే నిండింది. మూత సరిగా పట్టక, పక్కన నాలుగు గింజలు రాలి ఉన్నాయి.

ఆ చూపు ఎటు పోయిందో సౌభాగ్యమ్మ చూసింది.

"అవి దేవునివి," అంది. "ఎల్లుండి చర్చికి పోవాలె. వాటిని ముట్టొద్దని నీకు తెలుసు గద."

"తెల్వకేందక్కా. నేను గూడ ఏసిన గద అండ్ల."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే సౌభాగ్యమ్మ సమాధానం వెతుక్కునేదేమో.

"పొద్దుగూకంగ గాకుంటె రేపు రా. గిన్నెడు గాదు, బుట్టెడు ఇస్త."

"రేపటి ఆకలి రేపు సూస్త తియ్," అంది పోశమ్మ. గిన్నెను కొంగు కింద పెట్టుకుని మెట్టు దిగింది.

ముందు గదిలోంచి కమలాకుమారి గొంతు వినిపించింది. "సౌభాగ్యమ్మా, మొదలుపెడ్దామా?"

చాప మీద కూర్చున్నాక కూడా సౌభాగ్యమ్మ మనసులో ఒక మాట చెప్పుకుంటూనే ఉంది. నేను అబద్ధమాడలేదు. డ్రమ్ములో లేవు. లేవనే అన్న.

పాటలయ్యాయి, వాక్యం అయింది. అవసరాల కోసం ప్రార్థించే వేళ వచ్చింది. పనులు పోయి కష్టంలో ఉన్నవాళ్ల కోసం సౌభాగ్యమ్మ ప్రార్థన చేస్తుందని కమలాకుమారి చెప్పింది. ఆమె ప్రార్థనకు ఆ చుట్టుపక్కల పేరుంది. గొంతు మెల్లగా మొదలై, ఏరు వంపు తిరిగినట్టు తిరిగి, ఒకచోట పొంగుతుంది.

"ప్రభువా, మూతబడ్డ కంపెనీల్ని చూడు. పస్తులున్న ఇండ్లను చూడు. మా వెనుక అర్రలో ఉన్న పోశమ్మను జ్ఞాపకం చేసుకో తండ్రీ. ఆమె ఖాళీ గిన్నె నీకు కనబడుతలేదా? ఆకాశపు వాకిళ్లు తెరువు. ఆమె గిన్నె నింపు. ఆ తండ్రి లేని బిడ్డ నోటికి అన్నం అందించు."

ఆమె చెంపల మీద నీళ్లు కారాయి. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఏడ్చారు. ఆ కన్నీళ్లు నటన కాదు. అక్కడ కూర్చున్నంతసేపు ఆమె పోశమ్మ కోసం నిజంగానే దుఃఖపడింది. తరువాతి కాలంలో ఆమెను ఎక్కువగా కలచివేసింది ఆ సంగతే.

ముందు గది కిటికీకి అవతల దండెం ఉంది.

సాయంత్రం సుందర్‌రాజు ఆటోలో బస్తా దింపించాడు. సౌభాగ్యమ్మ పెద్ద గిన్నె నిండా బియ్యం పోసుకుని వెనుక అర్రకు వెళ్లింది. అన్నం ఉడికిన వాసన గుమ్మంలోనే ఎదురొచ్చింది. రవళి కంచం ముందు కూర్చుని తింటోంది. తలెత్తలేదు.

"అయ్యో, ఎందుకు ఓనరమ్మా," అంది పోశమ్మ లేచి నిలబడుతూ. "పక్కర్ర ఒడిశా పిలగాండ్లు ఇచ్చిండ్రు. ఇప్పటికి ఎల్తది."

సౌభాగ్యమ్మ చేతుల్లో గిన్నె అలాగే ఉండిపోయింది. ఓనరమ్మా. అందరూ అనే మాటే. ఆ నోటి నుంచి మాత్రం ఎప్పుడూ వినలేదు.

"కోపమొచ్చిందా పోశమ్మా?"

"కోపమెందుకమ్మా? గంతమందిల నా కోసం దేవుని అడిగితివి. నాకు ఎవరడుగుతరు గట్ల?" పోశమ్మ మామూలుగానే నవ్వింది. "బట్టలు తీస్తుంటె ఇనవడ్డది. నా పేరు మీ దేవునికి తెల్వకపోతుండె. ఇయ్యాల తెలిసింది."

సౌభాగ్యమ్మ గిన్నెతోనే వెనక్కి వచ్చింది. అన్నం వండి సుందర్‌రాజుకు వడ్డించింది. తాను ఉపవాసం విడవలేదు.

"ప్రార్థనల పోశమ్మ పేరు ఎందుకు తీసినవ్?" అన్నాడు సుందర్‌రాజు, కంచంలోంచి తలెత్తకుండా.

"ఆమె కోసమే గద అడిగిన."

"నేను వరండాలనే ఉన్న. ఆమె దండెం కాడ నిలబడ్డది. నువ్వు గిన్నె నింపు అన్నప్పుడు, ఆ గిన్నె ఆమె చేతులనే ఉన్నది." మజ్జిగ పోసుకున్నాడు. "దేవుడు నీ వంటింటి నుంచే నింపుదమనుకున్నడేమో. నువ్వు ఆయన చెయ్యి అర మీదికి అందనియ్యలేదు."

ఆ ఆదివారం కూడా ఆమె సంచి అందరికన్నా బరువుగానే ఉంది. ధార గంపలో చాలాసేపు పడింది. కమలాకుమారి తల ఊపింది. ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని సౌభాగ్యమ్మ మొదటిసారి ఎదురుచూసింది.

ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే ఆవరణలో ఆ బియ్యాన్ని వేలం వేశారు. ఎప్పటిలాగే కోళ్ల ఫారం త్రినాథరావు కొన్నాడు. ఏళ్లుగా ఆయనే కొంటున్నాడు, ఏళ్లుగా ఆమె చూస్తూనే ఉంది. ఆ రోజు మాత్రం బస్తా మూతి కడుతున్న ఆయన దగ్గరకు వెళ్లి అడిగింది.

"ఈ బియ్యం ఏం చేస్తరన్నా?"

"కోళ్లకమ్మా. సన్నం, దొడ్డు, రేషను అన్నీ కలిసిపోయుంటాయి కదా. ఒకటి ఉడికితే ఒకటి ఉడకదు, మనుషులు వండుకోరు." ఆయన బస్తాను చేత్తో తట్టి నవ్వాడు. "దేవుడి బియ్యం తిన్న కోళ్లు మంచి బలంగా ఉంటాయిలెండి."

సౌభాగ్యమ్మ నడిచే ఇంటికి వచ్చింది. దారిలో, ఎండకు కరిగి మెరుస్తున్న తారు మీద, ఎన్నడూ గుర్తురానిది గుర్తొచ్చింది. వాళ్ల పల్లె ఇల్లు. వారం మధ్యలో ఏదో రోజు. గుమ్మంలో కొంగు పట్టి నిలబడ్డ ఎవరో ఆడమనిషి. అమ్మ అర మీది దేవుని కుండను దించి, ఆమె కొంగులోకి వంచేస్తోంది. "అమ్మా, అది దేవునిది గద," అని చిన్నపిల్ల గొంతు. అమ్మ ఖాళీ కుండను తిరిగి అర మీద పెడుతూ, "ఆదివారం ఇంక దూరమున్నది బిడ్డా. దేవుడు ఆగుతడు," అంది.

అమ్మ సంచి ఎందుకు తేలికగా ఉండేదో ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు చనిపోయారు. ఇంకొకరు మరిచిపోయారు.

నెల తిరిగేసరికి పోశమ్మకు బొల్లారంలో పని దొరికింది. అక్కడికి దగ్గరని పటేల్‌గూడలో గది చూసుకుంది. వెళ్లేముందు అర్ర ఊడ్చి, గోడకున్న మేకులు కూడా పీకి, తాళంచెవి తెచ్చి ఇచ్చింది. సౌభాగ్యమ్మ ఎన్నో మాటలు కూర్చుకుని పెట్టుకుంది. చేయి చాపి తాళంచెవి మాత్రం అందుకుంది. "పోయొస్త ఓనరమ్మా. మోకాలు పైలం," అంది పోశమ్మ. బరువు మోయొద్దని కూడా చెప్పింది.

దండెం మీద ఇప్పుడు కావలసినంత జాగా. తెల్లచీర ఒక్కటే గాలికి ఊగేది.

వానలు పడ్డాక ఒక గురువారం, సౌభాగ్యమ్మ అర మీది డబ్బాను దించింది. ఆదివారం ఇంకా రాలేదు. గింజలన్నీ తెల్ల సంచిలో పోసుకుంది. సుందర్‌రాజు చూశాడు. ఆటోలు మారి, దారి అడుగుతూ పటేల్‌గూడలో పోశమ్మ గది చేరేసరికి మధ్యాహ్నమైంది. పోశమ్మ అప్పుడే షిఫ్టు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది.

"రా అమ్మా, రా. గింత దూరం ఎట్ల వస్తివి?" కుర్చీ తుడిచి వేసింది. ఫ్యాను ఆమె వైపు తిప్పింది. తినకుండా కదలనివ్వనంది. రవళి బాగా చదువుతోందని, డిగ్రీలో చేరిందని చెప్పింది. అన్నీ చెప్పింది. మర్యాదకు ఏ లోటూ చేయలేదు.

సౌభాగ్యమ్మ ఆ గది చూస్తూ కూర్చుంది. పోశమ్మ చేటలోకి బియ్యం తీసుకుంది. కడిగే ముందు ఒక పిడికెడు తీసి, గట్టు మీదున్న హార్లిక్స్ సీసాలో వేసింది. సీసా సగం దాకా ఉంది.

"అదేంది పోశమ్మా?"

పోశమ్మ తన చేతి వైపు చూసుకుని, పట్టుబడ్డదానిలా నవ్వింది. "నీ ఇంట్ల అలవాటైంది గద. చెయ్యి ఆగుతలేదు."

"ఎవరి కోసం?"

"ఎవరన్న వస్తరు గదమ్మా," అంది పోశమ్మ. పొయ్యి ముట్టించింది.

సౌభాగ్యమ్మ అన్నం తింది. లేచేముందు సంచి తీసి పోశమ్మ చేతికిచ్చింది. ఎలా చెప్పాలో తెలియక, "దేవుని డబ్బాలవి," అంది. "ఆ రోజు ఇయ్యాల్సినవి పోశమ్మా. ఆ రోజే ఇయ్యాల్సింది."

పోశమ్మ సంచిని రెండు చేతులతో అందుకుంది. కిందివీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. ఆ అరుపు దూరమయ్యాక అంది.

"మాకిప్పుడు ఉన్నయమ్మా. పక్కింట్ల బీహారామె బాలింత, ఆమె మొగనికి పని లేదు. ఆమెకిస్త. సరేనా?"

"సరే."

పోశమ్మ బియ్యాన్ని ఒక గిన్నెలోకి వంచి, సంచి దులిపి, మడతపెట్టి తిరిగి ఇచ్చింది. ఆటో దాకా తోడొచ్చింది. మెట్ల మీద మోచేయి పట్టుకుంది. ఆ చేతిలో అదే పుల్లటి వాసన. సౌభాగ్యమ్మ ఆ వాసన పోకుండా ఊపిరి లోపలికి తీసుకుంది. ఆటోలో కూర్చున్నాక కూడా తల బయటకు పెట్టి చూసింది. ఒక్క మాట కోసం. రెండక్షరాల మాట.

"పైలంగ పో ఓనరమ్మా," అంది పోశమ్మ. ప్రేమగానే అంది.

ఆటో కదిలింది. ఒళ్లో ఖాళీ సంచి గాలికి లేస్తుంటే అరచేత్తో అదిమి పట్టుకుంది. అమ్మ సంచి కూడా ఇంత తేలికగానే ఉండేది. కానీ అమ్మ నవ్వేది.